పెల్లెట్ల పొట్టు, మా అత్త పీట

మా హోటల్ వంటింట్లో రెండు పొయ్యిలు, ఒక పీట ఉండేవి. పొయ్యిలతో నాకు పేచీ లేదు. నా గొడవంతా ఆ పీటతోనే. దాని మీద మా అత్త కూర్చుంటుంది. ఆమె ఎవరి పొయ్యి పక్కన పీట వేసుకుంటే ఆమె వాళ్ల మనిషి అని నా లెక్క. ఈ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు, నేనే వేసుకున్నాను, నేనే కాలిపోయాను.

మా అత్త నాకు ముందు మేనత్త, ఆ తర్వాతే అత్త. మా నాయినకు సొంత అక్క. ఆమెను మా ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి, మా అమ్మ కూలికి పోయిన రోజుల్లో నేను ఆమె చంకలోనే పెరిగాను. మామ చనిపోయాక ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని కల్వకుర్తి వచ్చి, బస్టాండు దగ్గర మిర్చీల బండి పెట్టింది. ఆ బండి పెరిగి పెరిగి శ్రీశైలం పోయే రోడ్డు మీద రేకుల షెడ్డు హోటలయింది. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు. పెద్ద కొడుక్కి నన్ను చేసుకున్నప్పుడు మా ఊరి ఆడవాళ్లు నవ్వారు, "ఇది అత్తగారింటికి పోతలేదు, అమ్మగారింటికే పోతాంది" అని. ఆ మాట నాకు నగ పెట్టుకున్నంత సంతోషంగా ఉండేది.

దోసెల పొయ్యి నాది. నా పొయ్యి పక్కన పీట వేసుకుని అత్త ఉల్లిగడ్డలు కోసేది, చింతపండు గింజ తీసేది. నేను దోసె తిప్పుతూ లోకంలో ఉన్న ముచ్చట్లన్నీ ఆమెకు చెప్పేదాన్ని. ఎవరింట్లో ఏ కూర, బస్సు దిగినామె ఏ చీర కట్టింది, పక్క దుకాణం వాడు నన్ను చూసి ఎందుకు మొఖం తిప్పుకున్నాడు, అన్నీ. ఆమె "ఊఁ, ఊఁ" అని ఊకొట్టేది. నా నోరు రేడియో లాంటిదని మా ఆయన అంటాడు. అననియ్యండి. వినేవాళ్లున్నప్పుడు చెప్పేవాళ్లు చెప్తారు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా మరిది పెళ్లయింది. నాకు యారాలు వచ్చింది. కొల్లాపూర్ అవతలి పిల్ల. వాళ్ల నాయినకు కట్టెల కోత మిషన్ ఉండేది. మెత్తగా మాట్లాడుతుంది, అడిగితేనే మాట్లాడుతుంది. వచ్చిన కొత్తలో నాకు ఆమె మీద ఏ కోపమూ లేదు. నిజం చెప్పాలంటే ఆమెను మనిషి లెక్కలోకే తీసుకోలేదు. అన్నం, కూరల పొయ్యి ఆమెకిచ్చాం, అది వెనక గోడ పక్కన, నా పొయ్యికి దూరంగా ఉంటుంది. అత్త పీట మాత్రం ఎక్కడుండాలో అక్కడే, నా పక్కనే ఉంది.

అంతా చెడగొట్టింది ఈ పెల్లెట్లే.

అప్పటిదాకా కట్టెల పొయ్యిలే వాడాం. రోడ్డు వెడల్పయి, చుట్టూ దుకాణాలు లేచాక, మీ పొగ మా బట్టల మీదికి వస్తున్నదని పక్కవాళ్లు తగవుకొచ్చారు. దానికి తోడు అత్తకు దమ్ము మొదలయింది. నాలుగడుగులు వేస్తే ఛాతీలో పిల్లి కూసినట్టు చప్పుడు. పొగకు దూరంగా ఉండమని దవాఖానలో చెప్పారు. ఇంట్లో కూర్చోమంటే ఆమె వింటుందా? "హోటల్ల కూసుంటెనే నాకు ఊపిరాడతది" అంటుంది. మా ఆయన చౌటుప్పల్లో ఒక క్యాంటీన్ వాళ్ల దగ్గర పెల్లెట్ల పొయ్యి చూసొచ్చి, అలాంటివి రెండు తెచ్చాడు. ఇనుప డ్రమ్ము లాగుంటుంది. లోపల చుట్టూ చిన్న చిన్న రంధ్రాలున్న గిన్నె, కింద కరెంటు ఫ్యాను. రంపపు పొట్టును మిషన్‌లో ఒత్తి, విరిగిన చాక్‌పీసు ముక్కల్లా చేసినవే పెల్లెట్లు, సంచుల్లో వస్తాయి. గిన్నెలో పోసి అంటించి ఫ్యాను వేస్తే బుర్రుమని మంట లేస్తుంది. పొగ రాదన్నారు.

మొదట రాలేదు కూడా. పదిహేను రోజులు నా పొయ్యి బంగారం లాగా మండింది. తర్వాత మెల్లగా పొగ మొదలయింది. ఆ సంచులు లారీ మీంచి విసిరేసేటప్పుడు, ఒకదాని మీద ఒకటి వేసినప్పుడు, లోపల ముక్కలు ఒరుసుకుని మళ్లీ పొట్టవుతాయి. సంచి అడుగుకు పోయేకొద్దీ సగం పొట్టే. ఆ పొట్టు గిన్నె రంధ్రాల్లో కూరుకుని గాలిని ఆపేస్తుంది. మంట ఎర్రబడి, నల్లబడి, పొగ కక్కుతుంది. ఫ్యాను పెంచితే పొట్టు నిప్పురవ్వలై దోసెల మీద పడుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేననుకున్నది ఒకటే, నాకు చెడ్డ పొయ్యి అంటగట్టి యారాలికి మంచిది ఇచ్చారని.

ఎందుకంటే ఆమె పొయ్యి పొగ రావడం లేదు మరి!

ఆమె ఏం చేస్తున్నదో చూద్దామని ఒకరోజు వెనక దొడ్లోకి పోయాను. పాత గొంగడి పరిచి, ముక్కుకు తువ్వాల కట్టుకుని, పల్లీలు జల్లించే పెద్ద రంధ్రాల జల్లెడలో పెల్లెట్లు పోసి ఆడిస్తున్నది. గాలి ఎటు నుంచి వస్తున్నదో చూసుకుని వీపు అటు పెట్టింది. పొట్టు గొంగడి మీదికి రాలుతున్నది, జల్లెడలో నున్నటి ముక్కలు మిగులుతున్నాయి. జల్లించిన వాటిని మూత డబ్బాలో పోసింది. కింద పడ్డ పొట్టునూ పారేయలేదు. దాన్ని తెచ్చి వంటింట్లో నూనె జిడ్డున్న చోట చల్లి ఊడ్చింది. నేల అద్దమయింది.

నేను వచ్చి మళ్లీ దోసె పోస్తుంటే, అత్త పీట మీంచి ఆ ఊడ్చేది చూస్తున్నది. "పొట్టును సుత పనికి తెచ్చింది సూడు, ఎంత పనిమంతురాలు!" అన్నది. నా చేతిలో దోసె మాడింది. ఇన్నేళ్లలో నా దోసె గురించి ఆమె ఒక్కనాడు అట్లా అనలేదు. నా కడుపులో మంట ఏ పొయ్యిలోనూ లేదు ఆ పొద్దు.

ఆ వారంలోనే పీట కదిలింది. నా పొయ్యి పొగకు అత్త దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ లేచింది. ఉల్లిగడ్డల బుట్ట ఒక చేత, పీట ఒక చంకన పెట్టుకుని, వెనక గోడ వైపు నడిచింది.

"ఎక్కడికత్తా?" అన్నాను.

"గీ పొగకు గొంతు పట్టుకుంటాంది బిడ్డా. జర ఆడ కూసుంట."

జర అన్నది. జర అంటే కాసేపు అనుకుంటాం కదా! మర్నాడు వస్తూనే పీట అటే వేసుకుంది. ఆ మర్నాడూ అంతే. నా పక్కన పీట కాళ్లు ఒరిసి ఒరిసి నేల మీద గీతలు పడిన జాగా ఖాళీగా ఉండిపోయింది. అక్కడ ఎవరైనా పిండి గిన్నె పెడితే తీయించేదాన్ని. మనిషి జాగాలో గిన్నె పెడతారా ఎవరైనా?

ఇక నా అవస్థ చెప్పతరం కాదు. దోసె పోస్తూ కళ్లు అటే. యారాలు అన్నం వారుస్తుంటే అత్త ఏదో చెబుతుంది, ఆమె నవ్వుతుంది. ఆమె నవ్వితే అత్తా నవ్వుతుంది, నవ్వి కాస్త దగ్గుతుంది, మళ్లీ చెబుతుంది. రెండు ఫ్యాన్ల రొదలో నాకు ఒక్క ముక్క వినపడదు. అత్త ఇంత మాట్లాడే మనిషా? నా దగ్గర ఊకొట్టడం తప్ప ఎరగదే! అంత ముచ్చట ఏముంది వాళ్లకు? ఒకసారి ఇద్దరూ నా వైపు చూసి మరీ నవ్వారు. ఇంకేముంది, నా గురించే. నిన్న మొన్న వచ్చిన మనిషి, నా మేనత్తను కూర్చోబెట్టుకుని నన్ను చూసి నవ్వుతున్నది! ఆ రోజు దోసెలు ఒక్కటీ గుండ్రంగా రాలేదు.

రాత్రి అన్నాలప్పుడు మా ఆయన మంచిగానే అన్నాడు, "నువ్వు సుత ఆమె లెక్క జల్లించుకోరాదు? పొగ పోతది, అమ్మ నీ కాడికే వస్తది."

అంతే, నాకు ఒళ్లు మండిపోయింది. "ఆమె లెక్క నేను జెయ్యాల్నా? ఆమె రాకముందు మనం పొయ్యి ముట్టియ్యలేదా? ఆమె చెప్తెనే నాకు పొయ్యి మండుతదా?" అని అన్నం పళ్లెం జరిపేశాను. ఆయన తల వంచుకుని పెరుగన్నం తిన్నాడు. ఈ ఇంటి మగవాళ్లకు తల వంచుకుని పెరుగన్నం తినడం బాగా వచ్చు.

జల్లెడ ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. జల్లెడ పడితే ఆమెను చూసి నేర్చుకున్నట్టవుతుంది. హోటల్లో పనిచేసే వాళ్లంతా అది చూస్తారు, అన్నిటికంటే ముందు అత్త చూస్తుంది. ఆ పొట్టు వదిలించే ఉపాయం నాదే ఉండాలి, ఆమె జల్లెడ కంటే మంచిదై ఉండాలి, అత్త పీట తీసుకుని వెనక్కి రావాలి. ఇదీ నా పట్టుదల.

ఉపాయం శివరాత్రి ముందు తోచింది.

శివరాత్రి అంటే మా రోడ్డుకు జాతరే. శ్రీశైలం పోయే బస్సులు, కార్లు, కాలినడకన పోయే స్వాములు. ఉపవాసం పొద్దుకు ముందు మూడు రోజులు పొయ్యి ఆరదు. ఆ రద్దీలో నా పొయ్యి పొగ లేకుండా మండితే అందరి కళ్లూ నా మీదే ఉంటాయి. రద్దీ మొదలయ్యే ముందు రోజు పొద్దున్నే హోటల్ ముందు వాకిట్లో సాన్పి చల్లుతున్నాను. పేడనీళ్లు చల్లితే దుమ్ము లేవదు, అణిగిపోతుంది, ఊడ్చుకోవచ్చు. చిన్నప్పటి నుంచి చేస్తున్న పనే. చేతిలో చెంబు ఉండగానే తట్టింది. దుమ్ముకు మందు నీళ్లే కదా! వాకిలికి పనిచేసేది పెల్లెట్లకు పనిచేయదా? జల్లెడలూ గొంగళ్లూ ఎందుకు, కాసిన్ని నీళ్లు చిలకరిస్తే పొట్టంతా కిందికి అంటుకుపోతుంది, పైనున్న ముక్కలు తీసి వాడుకోవచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సాయంత్రం ఎవరూ చూడకుండా నా వాటా సంచులు రెండూ పెద్ద తొట్టిలో గుమ్మరించాను. వాకిలికి చల్లినట్టే, ముంజేయి ఊపుతూ, మొత్తం తడిసేలా సాన్పి చల్లాను, పేడ లేని సాన్పి. దుమ్ము నిజంగానే అణిగింది. ఆహా అనుకుని మూత పెట్టి, దాని మీద రుబ్బురోలు పొత్రం కూడా పెట్టాను.

తెల్లవారి మూత తీస్తే పొత్రం పక్కకు ఒరిగి ఉంది. తొట్టి నిండా ఏదో ఉబ్బి పైకి పొంగింది. పెల్లెట్లు ఏవి? ఒక్క ముక్క లేదు. నీళ్లు తాగి, ఉబ్బి, పగిలి, అన్నీ మళ్లీ రంపపు పొట్టయి కూర్చున్నాయి. చెయ్యి పెడితే మెత్తగా, జొన్న సంకటిలో చెయ్యి పెట్టినట్టుంది. ఒక దోసెడు పొట్టు వదిలించుకోబోయి రెండు సంచుల పొట్టు చేసుకున్నాను!

బయట అప్పుడే బస్సు ఆగింది. స్వాములు బల్లల మీద కూర్చుంటున్నారు. "వదినె, ఇరవై దోసెలు" అని మా మరిది కేకేశాడు. యారాలి డబ్బా నిండా జల్లించిన పెల్లెట్లు ఉన్నాయి. అడిగితే ఇస్తుంది. నేను అడుగుతానా? చచ్చినా అడగను. తొట్టి అంచుల్లో కాస్త గట్టిగా మిగిలిన వాటిని ఏరి, గిన్నెలో కూరి, పాత గుడ్డ నూనెలో ముంచి అంటించి, ఫ్యాను ఫుల్లుగా పెట్టాను.

పొగ అంటే అదీ పొగ! తెల్లగా, చిక్కగా, తడి కంపుతో లేచి, రేకులకు తగిలి, కిందికి దిగి వంటిల్లంతా నిండింది. నా చేతిలో గరిటె నాకు కనపడలేదు. బల్లల దగ్గరి నుంచి స్వాములు దగ్గుకుంటూ రోడ్డు మీదికి పోయారు. ఆ పొగలోంచి వెనక గోడ వైపు నుంచి దగ్గు వినపడింది. మొదట మామూలు దగ్గే. తర్వాత ఆగకుండా. ఆ తర్వాత దగ్గు కూడా రాక, ఈల వేసినట్టు సన్నటి చప్పుడు.

నేను ఫ్యాను ఆపి అటు ఉరికేసరికి యారాలు అత్తను రెండు చేతులా పట్టుకుని వెనక తలుపు గుండా దొడ్లోకి తీసుకుపోతున్నది. అత్త పెదాలు నీలంగా ఉన్నాయి. మరిది ఆటో తెచ్చాడు, మా ఆయన ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు. నేను ఎక్కబోతే "నువ్వు పొయ్యి సూస్కో" అన్నాడు. గట్టిగా అనలేదు. నా మొఖం మాత్రం చూడలేదు.

లోపలికి వచ్చేసరికి యారాలు నా పొయ్యిలోని ముద్దంతా తీసి పారేసి, గిన్నె రంధ్రాలు పుల్లతో పొడిచి, తన డబ్బాలోని పెల్లెట్లు పోసి అంటించి పెట్టింది. పొగ లేని మంట. "అక్కా, నువ్వు దోసెలు పొయ్యి, నేను చట్నీ చూస్త" అన్నది. ఒక్క మాట దెప్పలేదు. దెప్పితే బాగుండేది, తిరిగి రెండు అనేదాన్ని. ఆ మంచితనం చూసి కూడా నాకు కుళ్లే వచ్చింది. అత్త అక్కడ ఊపిరాడక కొట్టుకుంటుంటే, ఇక్కడ నేను ఈమె మంచితనానికి కుళ్లుకుంటున్నాను! ఏడుస్తూ దోసెలు పోశాను. పొగకు అనుకున్నారు అందరూ.

దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టి మందు గాలి పట్టించారట. సాయంత్రానికి అత్త ఇంటికి వచ్చింది, నీరసంగా ఉన్నా మాట్లాడుతున్నది. మా ఆయన, తమ్ముడి ముందూ మా ఇద్దరి ముందూ తేల్చేశాడు, "అమ్మ ఇగ హోటల్‌కు రాదు. ఇంట్లనే ఉంటది."

"నేనేడ ఉండాల్నో నువ్వెవడివిరా చెప్పెటోడివి?" అని అత్త లేవబోయింది. దగ్గు వచ్చి మళ్లీ పడుకుంది. మొఖం గోడ వైపు తిప్పుకుంది. ఆ వీపు చూసి నేను నిలబడలేకపోయాను.

పీటను హోటల్లోనే గోడకు నిలబెట్టారు. ఇప్పుడది నా పక్కనా లేదు, ఆమె పక్కనా లేదు. కనీసం ఆమెకూ దక్కలేదు కదా అని నాకు సంతోషం కలగాలి. కలగలేదు. యారాలు నవ్వడం మానేసింది. నేను ముచ్చట్లు మానేశాను. ఫ్యాన్లు రెండూ బుర్రుమంటుంటే ఉల్లిగడ్డలు మేమే కోసుకున్నాం. ఆ పని అంత విసుగని నాకు ఎప్పుడూ తెలియదు.

అత్త తిరిగి రావాలంటే నా పొయ్యి పొగ రాకూడదు. దానికి దారి ఒక్కటే, ఆ దారిలో జల్లెడ ఉంది. సరే, ఒట్టు తీసి గట్టున పెట్టాను. అయినా యారాలి జల్లెడ ముట్టుకుంటానా? బజారుకు పోయి, ఆమెదాని కంటే పెద్దది, కొత్త జల్లెడ కొన్నాను. దుకాణం వాడు "పల్లీలకా?" అంటే "అవును, నీకెందుకు?" అన్నాను.

మొదటి రోజు గాలికి ఎదురుగా కూర్చుని జల్లించి పొట్టంతా మొఖాన కొట్టుకున్నాను. యారాలు దూరం నుంచి చూసి, తన తువ్వాల తెచ్చి నా పక్కన పెట్టి పోయింది. కట్టుకోవద్దనుకున్నాను. తుమ్ములు ఆగక కట్టుకున్నాను. నాలుగైదు రోజులకు చేయి తిరిగింది. ఎక్కువ పోస్తే పొట్టు రాలదు, కొద్దికొద్దిగా పోసి ఆడించాలి, గట్టిగా కుదిపితే ముక్కలే విరిగి మళ్లీ పొట్టవుతాయి. రోజూ పొయ్యి చల్లారాక గిన్నె రంధ్రాలు పొడిచి బూడిద దులపాలి. నా పొయ్యి మళ్లీ మొదటి రోజుల్లా మండింది. దోసె పెనం మీద చేయి ఆడిస్తూ చూశాను, చూశాను, నల్లటి పొగ పోగు ఒక్కటి లేదు.

మా ఆయన్ను లాక్కొచ్చి పొయ్యి ముందు నిలబెట్టాను. "సూడు. ముక్కు పెట్టి సూడు. పొగ ఉన్నదా? నేను మా అత్తను తెచ్చుకుంటున్న" అన్నాను. ఆయన పొయ్యి వైపు చూసి, నా వైపు చూసి, "దగ్గితె మళ్ల ఇంటికే" అన్నాడు.

ఇంటికి పోయి "పొగ లేదత్తా, లే" అన్నాను. అత్త చెప్పులు వెతుక్కుంది, కొంగు సర్దుకుంది, నాకంటే ముందు గడప దాటింది. నేను అప్పటికే నా పొయ్యి పక్కన జాగా కడిగి, పీట తుడిచి, కూర్చోవడానికి మెత్తగా ఉండాలని దాని మీద గొంగడి ముక్క మడతపెట్టి వచ్చాను. అత్త వంటింట్లోకి వచ్చింది. నా పొయ్యి చూసింది. "మంచిగ మండుతాంది బిడ్డా" అన్నది. నా గుండె ఉబ్బిపోయింది. వంగి పీట తీసింది, గొంగడి ముక్కతో సహా చంకన పెట్టుకుంది.

వెనక గోడ వైపు నడిచి యారాలి పొయ్యి పక్కన వేసుకుని కూర్చుంది.

కొండంత పొగ ఉన్నప్పుడు కూడా నా కళ్లు అంత మండలేదు. ఇన్నాళ్లూ పొగ వల్ల పోయింది, పొగ వల్ల పోయింది అని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు పొగ లేదు. ఇంక ఏం చెప్పుకోవాలి?

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక, యారాలు నీళ్లకు పోయినప్పుడు అత్త ముందు పోయి నిలబడ్డాను. "నీ అన్నం నేను తిని పెరిగిన. నీ తమ్ముని బిడ్డను. నా పొయ్యి పొగ వస్తలేదు. మరి ఈడెందుకు కూసున్నవు? ఆమె నాకంటె ఎక్కువైందా?" అని అడిగేశాను.

అత్త చింతపండు గింజ తీసి పక్కన వేసింది. "పొగ గాదే" అన్నది. "నీ కాడ కూసుంటె నువ్వే మాట్లాడ్తవు. ఈడ కూసుంటె నేను మాట్లాడ్త. ముసలిదాన్నయిన. నాకు సుత చెప్పుకునెటియి ఉండవా? నీ కాడ ఊకొట్టి ఊకొట్టి నా మెడ నొస్తది."

ఎప్పుడైనా ఆమె ఏదైనా మొదలుపెడితే నేనేం చేశానో గుర్తు చేసుకుందామని చూశాను. "అవునత్తా, నాకు సుత గట్లనే అయింది" అని నా ముచ్చట ఎత్తుకునేదాన్ని. ఆమె ముచ్చట ఒక్కటీ చివరిదాకా నాకు గుర్తు లేదు. చివరిదాకా పోనిస్తే కదా.

ఆ రాత్రి ఉడుక్కున్నాను. యారాలి మీద, అత్త మీద, నా నోటి మీద. పొద్దున్నే మా ఆయన్ను లేపి "పొయ్యి జరపాలె" అన్నాను. "ఏడికి?" అన్నాడు. "వెనక గోడ కాడికి" అన్నాను. ఎందుకని అడగబోయి, నా మొఖం చూసి లేచాడు. ఇద్దరం కలిసి నేల గీరుకుంటూ డ్రమ్మును లాగాం. ఫ్యాను వైరు అందకపోతే మరిది పొడుగు వైరు బోర్డు తెచ్చి తగిలించాడు. బల్లల దగ్గరికి దోసెలు అందించడానికి ఇప్పుడు పది అడుగులు ఎక్కువ నడవాలని గొణిగాడు. నడవనియ్యి, కుర్రవాడే కదా అనుకున్నాను.

అత్త వచ్చేసరికి గోడ పక్కన వరుసగా యారాలి పొయ్యి, మధ్యలో పీట, ఇటు నా పొయ్యి. యారాలు ఒకసారి నా పొయ్యి చూసి, తన అన్నం గుండిగను జాగా అయ్యేటట్టు అటు జరుపుకుంది. అత్త నిలబడి రెండు పొయ్యిలనూ చూసింది. "రెండు దిక్కులకెంచి వేడి కొడ్తదే, నన్ను సుత కాలుస్తరా?" అన్నది. అంటూనే కూర్చుంది.

నేను దోసె పోశాను. నోరు తెరవలేదు. బస్సు దిగినామె పట్టుచీర కట్టుకుని చెప్పులు లేకుండా వచ్చింది, అయినా తెరవలేదు. అత్త నన్ను ఓరగా చూసింది.

"ఏమే, నోరు పడిపోయిందా?"

"నువ్వు చెప్పు" అన్నాను.

అత్త ఉల్లిగడ్డ పొట్టు తీస్తూ యారాలి వైపు చూసింది. యారాలు నవ్వుతూ, "అత్తమ్మా, గొర్రెపిల్లల ముచ్చట చెప్పు. అక్క సుత ఇంటది" అన్నది.

గొర్రెపిల్లల ముచ్చట ఏమిటో నాకు తెలియదు. అత్త మొదలుపెట్టింది. నేను నడక నేర్చిన కొత్తలో, మా అమ్మ నాట్లకు పోతే, అత్త నన్ను పల్లిచేను గట్టు మీద కూర్చోబెట్టి పని చేసుకుంటున్నదట. తలెత్తి చూస్తే నేను లేను. చేనంతా వెతికింది. గొంతు పోయేటట్టు పిలిచింది. బావి కాడికి పోయి నీళ్లలోకి తొంగి చూసిందట.

"తొంగి సూడాల్నంటె కాళ్లు వస్తలేవు" అన్నది అత్త, ఉల్లిగడ్డ పక్కన పెట్టి. "తమ్మునికి ఏమని చెప్పాలె? ఈ పోరి లేకపోతె నేను సుత ఈ బాయిలనే దుంకుత అనుకున్న. వాని బిడ్డ గాదు, నా బిడ్డ అది."

నా దోసె మాడుతున్నది, మాడనిచ్చాను. మా నాయినకు ఇప్పటికీ ఈ సంగతి తెలియదట. నాకూ తెలియదు. నాకంటే ముందు యారాలికి తెలుసు! ఆమె నా వైపు చూసి నవ్విన నవ్వు ఇదే అయి ఉంటుంది. నా ముచ్చట, నా మేనత్త నోట, నేను వినకముందే ఎన్నిసార్లు వినిందో! కడుపులో మళ్లీ భగ్గుమంది. పెల్లెట్లకైతే జల్లెడ ఉంది, నా కుళ్లుకు ఏ జల్లెడ పట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

"మరి నేనేడున్న?" అన్నాను.

అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ సందులో యారాలు ఆపుకోలేక అందుకుంది, "గొర్లకాపరి గొర్రెపిల్లల మీద గంప బోర్లించి పోయిండు అక్కా, నువ్వు ఆ గంప కింద..."

"నువ్వు జర నోరు మూసుకో చెల్లె" అన్నాను. "మా అత్తను చెప్పనియ్యి."